ముందు నిద్ర, తర్వాత నడక, ఆ తర్వాతే సుడోకు: ఒంటినీ మెదడునీ కలిపి కాపాడుకునే పద్ధతి

మతిమరుపు వస్తోందేమోనని భయం పట్టుకున్న మనిషి మొట్టమొదట చేసే పని, ఫోన్‌లో మెదడు ఆటల యాప్ ఏదో వేసుకోవడం. నేనూ అదే చేశాను. రాత్రి పన్నెండున్నర దాకా మేలుకుని ఆ ఆటలో ఒక్కో లెవెల్ దాటేవాణ్ణి, పొద్దున ఐదున్నరకే అలారం. ఆటలో స్కోరు పెరిగింది గానీ కళ్లజోడు ఎక్కడ పెట్టానో వెతుక్కోవడం మాత్రం తగ్గలేదు. మెదడుకు పదును పెడుతున్నాననుకుంటూ దానికి అన్నిటికంటే ముందు కావలసిన నిద్రనే కోసేస్తున్నానని తెలియడానికి చాలా నెలలు పట్టింది.

మెదడు మన ఒంట్లో అద్దెకున్న వేరే మనిషి కాదు. దాని బరువు సుమారు 1.4 కిలోలు, అంటే ఒంటి బరువులో 2 శాతం. కానీ మనం ఊరికే కూర్చున్నా ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో దాదాపు 20 శాతం అదే వాడేసుకుంటుంది. ఆ శక్తికి కావలసిన గ్లూకోజ్, ఆక్సిజన్ రక్తంలోనే రావాలి. అందుకే గుండెకూ రక్తనాళాలకూ మంచి చేసేవి మెదడుకూ మంచి చేస్తాయి, వాటిని పాడుచేసేవి మెదడునూ వదలవు. ఈ మాట గుర్తుంటే కింద చెప్పబోయేవాటిలో సగం మీరే ఊహించుకోగలరు. ఏది ముందు, ఏది వెనక అన్నదే మిగతా సగం. అన్నీ ఒకేసారి మొదలుపెట్టి పదో రోజుకి అన్నీ వదిలేసినవాళ్లను చాలామందిని చూశాను. ఒక మెట్టు కుదురుకున్నాకే ఇంకో మెట్టు ఎక్కండి.

మొదటి మెట్టు: ఇప్పుడు ఎక్కడున్నారో చూసుకోండి

ఒక వారం రోజులు ఏ అలవాటూ మార్చకండి. చిన్న నోట్‌బుక్కులో రోజుకి నాలుగు విషయాలు రాయండి: ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు, ఎన్ని నిమిషాలు నడిచారు, లేవకుండా ఎక్కువలో ఎక్కువ ఎంతసేపు కూర్చున్నారు. నిజం రాయండి, ఆ పుస్తకం ఎవరూ చూడరు. చాలామందికి ఈ నాలుగో అంకె చూస్తేనే కళ్లు తెరుచుకుంటాయి.

ఆ వారంలోనే బీపీ చూపించుకోండి, డాక్టర్‌ని అడిగి షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకోండి. రక్తపోటు ఎక్కువగా ఉన్నా చాలామందికి ఏ లక్షణమూ కనిపించదు. తలనొప్పి లేదు కదా, బీపీ లేనట్టే అనుకోవడం పొరపాటు. ఇంట్లో కొలుచుకునేవాళ్లు చేసే తప్పు ఒకటుంది. మెట్లెక్కి వచ్చి ఆయాసపడుతూనే పట్టీ చుట్టేస్తారు. అలా కాదు. అరగంట ముందు నుంచి కాఫీ, సిగరెట్ మానాలి. మూత్రానికి వెళ్లి రావాలి. వీపు కుర్చీకి ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, కాలు మీద కాలు వేసుకోకుండా 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు కొలిచి రాసుకోవాలి. వేర్వేరు రోజుల్లో కొలిచినా 140/90 దగ్గరో అంతకు మించో వస్తుంటే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

మతిమరుపు, నీరసం, కాళ్లలో చీమలు పాకినట్టు ఉండడం లాంటివి ఉంటే బి12, థైరాయిడ్ గురించి కూడా అడగండి. మాంసం, గుడ్లు, పాలు ఏవీ ముట్టనివాళ్లలో, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు వాడుతున్నవాళ్లలో బి12 తగ్గే అవకాశం ఎక్కువ. వయసు మీద పడిందనుకుని సరిపెట్టుకున్న మతిమరుపులో కొంత ఇలా వైద్యంతో సర్దుకునేది కూడా ఉంటుంది.

రెండో మెట్టు: నిద్రను గాడిలో పెట్టడం

పెద్దవాళ్లకు రాత్రికి కనీసం 7 గంటల నిద్ర కావాలి. నాకు ఐదు గంటలు చాలు అనేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. వాళ్లలో చాలామంది తక్కువ నిద్రకు అలవాటుపడ్డవాళ్లే గానీ, తక్కువ నిద్ర నిజంగా సరిపోయేవాళ్లు కారు. సెలవు రోజున పదింటి దాకా లేవలేకపోతున్నారంటే వారమంతా అప్పు పేరుకుందనే అర్థం.

నిద్ర బాగుచేసుకోవాలంటే పడుకునే టైమ్ కంటే ముందు లేచే టైమ్ పట్టుకోండి. నిద్రను మన ఇష్టప్రకారం రప్పించలేం గానీ, లేవడం మన చేతిలో ఉంది. మెదడు లోపల, రెండు కళ్ల నరాలు కలిసే చోటికి కాస్త పైన, ఒక చిన్న నాడీకణాల గుంపు ఒంటికంతటికీ గడియారంలా పనిచేస్తుంది. పొద్దున కంటిలో పడే వెలుతురే ఆ గడియారాన్ని రోజూ సరిచేస్తుంది. ఈ జీవ గడియారం కణాల్లో ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ వచ్చింది. కాబట్టి సెలవైనా పనిరోజైనా ఒకే టైమ్‌కి లేచి, గంటలోపు ఓ 15, 20 నిమిషాలు ఆరుబయట గడపండి. మబ్బు పట్టిన రోజున కూడా బయటి వెలుతురు గదిలో లైటు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

ఇక కాఫీ, టీ. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ ఉంటుంది. సాయంత్రానికి కునుకు తెప్పించేది అదే. కాఫీ, టీలలో ఉండే కెఫీన్ ఆ అడినోసిన్‌ను తీసెయ్యదు, దాని సంగతి మెదడుకు తెలియకుండా అడ్డం కూర్చుంటుందంతే. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి దాదాపు 5 గంటలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువే. సాయంత్రం ఐదింటికి తాగిన కప్పులో సగం రాత్రి పదింటికి కూడా రక్తంలో తిరుగుతూనే ఉంటుందన్నమాట. మధ్యాహ్నం దాటాక ఆపేసి రెండు వారాలు చూడండి. కాఫీ తాగినా నాకు నిద్ర పడుతుంది అనేవాళ్లకు కూడా నిద్ర పలచబడుతుంది.

పడుకున్నాక ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే పక్క మీద దొర్లకండి. గడియారం చూసుకుంటూ అటూ ఇటూ పొర్లుతుంటే పరుపు చూస్తేనే టెన్షన్ వచ్చే రోజులు వస్తాయి. లేచి వేరే చోట, మసక వెలుతురులో, కాస్త విసుగు పుట్టించే పని ఏదైనా చెయ్యండి. కళ్లు మూతలు పడుతుంటే అప్పుడు వెళ్లి పడుకోండి. ఆ పని ఫోన్ మాత్రం కాకూడదు. దాని వెలుగు కన్నా దానిలో వచ్చే కబుర్లే నిద్రను ఎక్కువ చెడగొడతాయని నా అనుభవం. గది చీకటిగా, చల్లగా ఉండాలి. మధ్యాహ్నం కునుకు తియ్యాలనిపిస్తే మూడింటి లోపు, 20 నిమిషాలకు మించకుండా. మద్యం తాగితే నిద్ర త్వరగా పడుతుందన్నది నిజమే, కానీ తెల్లవారుజామున ఆ నిద్ర ముక్కలు ముక్కలవుతుంది.

పగలు నేర్చుకున్నది రాత్రి నిద్రలో స్థిరపడుతుంది. చదువుకునే పిల్లలు పరీక్ష ముందు రాత్రంతా మేలుకోవడం అందుకే తెలివైన బేరం కాదు. చదివినదాన్ని మెదడు సర్దుకునే సమయాన్నే తీసి చదువుకే ఇస్తున్నారు.

గట్టిగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తుంటే, పగలంతా ఉసూరుమంటూ ఉంటే, అది స్లీప్ ఆప్నియా కావచ్చు. పక్కన పడుకునేవాళ్లే దీన్ని ముందు గమనిస్తారు, వాళ్ల మాట కొట్టెయ్యకండి. నెలల తరబడి నిద్రలేమి ఉన్నవాళ్లకు మాత్రలకంటే ముందు ప్రయత్నించాల్సిన వైద్యం సీబీటీ-ఐ. నిద్ర అలవాట్లనూ, నిద్ర గురించిన భయాలనూ వరసగా సరిచేసే పద్ధతి అది.

ఈ మెట్టు మీద మూడు నాలుగు వారాలైనా ఉండండి.

మూడో మెట్టు: కదలడం

1953లో జెరీ మోరిస్ అనే వైద్యుడు లండన్ బస్సు ఉద్యోగుల మీద చేసిన పరిశోధన అచ్చయింది. రెండంతస్తుల బస్సుల్లో డ్రైవర్ రోజంతా కూర్చుంటాడు, కండక్టర్ రోజంతా మెట్లెక్కి దిగుతాడు. డ్రైవర్ల కంటే కండక్టర్లలో గుండె జబ్బు తక్కువగా కనిపించింది. ఆ కండక్టర్లు జిమ్‌కు వెళ్లలేదు, వాళ్ల పనిలోనే కదలిక ఉంది. నాకు ఈ కథ ఎందుకిష్టమంటే, వ్యాయామం అనగానే బూట్లూ ట్రాక్ ప్యాంటూ కొనుక్కోవడం దగ్గరే ఆగిపోయేవాళ్లకు ఇది మంచి జవాబు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క, వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ. మధ్యస్థం అంటే ఏమిటో తెలుసుకోవడానికి వాచీ అక్కర్లేదు. నడుస్తూ మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేకపోవాలి. పాట కూడా హాయిగా వస్తోందంటే అది షికారు. పరుగో, అంత కష్టమైన పనో అయితే అందులో సగం టైమ్ చాలు.

రోజుకి 10,000 అడుగులు అన్న మాట ఎక్కడిదో తెలుసా? 1960లలో జపాన్‌లో అమ్మకానికొచ్చిన అడుగులు లెక్కపెట్టే పరికరం పేరుకి అర్థం ‘పదివేల అడుగుల మీటరు’ అని. ప్రయోగశాలలో తేలిన అంకె కాదది. అంతకు తక్కువ నడిచినా మేలు బాగానే ఉంటుంది, ముఖ్యంగా అసలు నడవనివాళ్లు కొంచెం మొదలుపెట్టినప్పుడు దక్కే లాభమే అన్నిటికంటే ఎక్కువ. పదివేలు కాలేదని ఈ రోజు వృథా అనుకోకండి.

మొదలుపెట్టడం ఇలా. మొదటి వారం రోజుకి ఒక్కసారి, ఏదో ఒక భోజనం తర్వాత 10 నిమిషాలు. భోజనం తర్వాతే ఎందుకంటే, అప్పుడు రక్తంలోకి చేరుతున్న చక్కెరను కదులుతున్న కండరాలు లాగేసుకుంటాయి. రెండో వారం రెండు భోజనాల తర్వాత. మూడో వారానికి మూడుసార్లు, లేదా ఒకేసారి 25 నిమిషాలు. నాలుగో వారం నుంచి మధ్యలో రెండు నిమిషాలు వేగం పెంచి, రెండు నిమిషాలు తగ్గించి చూడండి. ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం ఉన్నవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌తో మాట్లాడి మొదలుపెట్టాలి.

నోట్‌బుక్కులో ఆ నాలుగో అంకె గుర్తుందా? గంటలకొద్దీ కదలకుండా కూర్చుంటే సాయంత్రం నడక దాన్ని పూర్తిగా పూడ్చలేదు. అరగంటకోసారి లేవండి. ఫోన్ మోగితే లేచి నిలబడి మాట్లాడడం, నీళ్ల సీసా దూరంగా పెట్టుకోవడం లాంటివి చూడ్డానికి చిన్నవే, కానీ రోజు మొత్తంలో కలిపితే తక్కువేం కాదు.

మెదడు సంగతేంటంటారా? 2011లో అమెరికాలో 120 మంది పెద్దవయసువాళ్ల మీద చేసిన పరిశోధన ఒకటి అచ్చయింది. ఏడాది పాటు నడిచినవాళ్లలో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ అనే భాగం 2 శాతం పెరిగింది, ఒళ్లు సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసినవాళ్లలో అది తగ్గింది. ఒక్క పరిశోధనతో అంతా తేలిపోదు గానీ, నా యాప్ కంటే నడకకే ఓటు వెయ్యడానికి నాకది చాలు.

నాలుగో మెట్టు: బలం, నిలకడ

ముప్పై దాటాక, వాడకపోతే కండ నెమ్మదిగా తగ్గుతూ వస్తుంది. అద్దంలో తెలియదు, ఏళ్లు గడిచాక నేల మీద నుంచి లేవడానికి చెయ్యి ఆసరా కావలసి వచ్చినప్పుడు తెలుస్తుంది. వారానికి రెండు రోజులు, ఇరవై నిమిషాల చొప్పున చాలు. కుర్చీలో కూర్చుని చేతులు వాడకుండా లేవడం, మళ్లీ కూర్చోవడం, అలా పదిసార్లు. గోడకు చేతులు ఆన్చి ఛాతీని గోడ దగ్గరికి తీసుకెళ్లి వెనక్కి నెట్టుకోవడం పదిసార్లు. మడమలెత్తి ముని వేళ్ల మీద నిలబడడం పదిహేనుసార్లు. బరువున్న సంచి రెండు చేతులా పట్టుకుని గదిలో నాలుగు చుట్లు. ఇదంతా రెండు విడతలు. ఊపిరి బిగపట్టకండి, కష్టపడేటప్పుడు వదలండి. తేలికైపోతే గోడ బదులు బల్ల, బల్ల బదులు నేల.

పళ్లు తోముకునేటప్పుడు ఒక కాలి మీద నిలబడి చూడండి, పక్కన పట్టుకోవడానికి ఏదైనా ఉండాలి సుమా. నవ్వొచ్చేంత కష్టంగా ఉంటుంది మొదట్లో. పెద్దవయసులో పడిపోవడం వల్ల ఎముకే కాదు, తలకూ దెబ్బ తగులుతుంది, అందుకే ఇది మెదడు వ్యాయామం కూడా.

ఐదో మెట్టు: తిండి

ఇక్కడ ఎక్కువ చెప్పను, ఎందుకంటే అందరూ చెప్పేది దీని గురించే. పళ్లెంలో సగం కూరగాయలూ పళ్లూ, పావు వంతు ముడి ధాన్యం, పావు వంతు పప్పులు, గింజలు, చేపలు, గుడ్లు లాంటి ప్రొటీన్. కూరగాయలు, పళ్లు కలిపి రోజుకి 400 గ్రాములు. ఉప్పు రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు, అంటే ఒక టీ చెంచాకి తక్కువ. ప్యాకెట్లలో దాగిన ఉప్పూ ఆ లెక్కలోకే వస్తుంది. తియ్యటి పానీయాలు మానేస్తే చక్కెరలో పెద్ద వాటా దానంతటదే పోతుంది.

జ్ఞాపకశక్తి పెంచే మాత్రలు, పొడులు అని అమ్మేవాటికి డబ్బు పెట్టకండి. పరీక్షలో ఏదైనా లోపం కనిపిస్తే డాక్టర్ రాసింది వాడండి, అంతే. సిగరెట్ గురించి బేరాలు లేవు. మద్యం ఎంత తగ్గిస్తే అంత మంచిది.

ఆరో మెట్టు: మెదడుకు కొత్త పని

ఇప్పుడొచ్చింది సుడోకు వంతు. దాన్ని తిట్టడం నా ఉద్దేశం కాదు, సరదాగా ఆడుకోండి. కానీ సుడోకు ఎక్కువ ఆడితే ఎక్కువగా పెరిగేది సుడోకు ఆడే నేర్పే. మెదడు మారేది కొత్తదీ కష్టమైనదీ నేర్చుకున్నప్పుడు. లండన్ టాక్సీ డ్రైవర్లు లైసెన్సు కోసం వేల వీధులను కంఠతా పట్టాలి. వాళ్ల హిప్పోక్యాంపస్‌లో వెనక భాగం మామూలువాళ్ల కంటే పెద్దదిగా ఉందని 2000లో ఎలినార్ మాగ్వైర్ బృందం చూపించింది. మీకు వీధులక్కర్లేదు. కొత్త భాషో, వాయిద్యమో, ఈతో, కుట్టుపనో ఏదైనా సరే. గుర్తు ఒకటే: చేస్తుంటే తప్పులు రావాలి. రావడం లేదంటే అది మీకు పాతబడిపోయినట్టే.

నేర్చుకున్నది నిలవాలంటే మళ్లీ మళ్లీ చదవడం కంటే పుస్తకం మూసి గుర్తుచేసుకోవడం మేలు. 1885లోనే హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త తన మీదే ప్రయోగాలు చేసుకుని, నేర్చుకున్నది మొదటి గంటల్లో, మొదటి రోజుల్లో ఎంత వేగంగా జారిపోతుందో లెక్కగట్టాడు. జారిపోయే ముందే పట్టుకోవాలి. మర్నాడు ఒకసారి, మూడు రోజులకు ఒకసారి, వారానికి ఒకసారి, నెలకి ఒకసారి గుర్తుచేసుకోండి.

మనం మతిమరుపు అనుకునేదాంట్లో చాలా భాగం అసలు మరుపే కాదు. తాళాలు పెట్టేటప్పుడు మనసు ఫోన్‌లో ఉంది, కాబట్టి పెట్టిన సంగతి మెదడులోకి ఎక్కనే లేదు. ఎక్కనిది ఎలా గుర్తొస్తుంది? తాళాలకూ కళ్లజోడుకూ ఒక్కటే చోటు పెట్టుకోండి. వేరే చోట పెట్టాల్సివస్తే ‘తాళాలు బీరువా మీద పెడుతున్నాను’ అని పైకి అనండి. ఇంట్లోవాళ్లు వింతగా చూస్తారు, నా విషయంలో రెండు వారాల్లో అలవాటుపడ్డారు. మనసు పెట్టాల్సిన పనికి కూర్చున్నప్పుడు ఫోన్‌ను బోర్లా పెట్టడం కాదు, వేరే గదిలో పెట్టండి.

ఏడో మెట్టు: చెవులు, కళ్లు, తల

లాన్సెట్ అనే వైద్య పత్రిక నియమించిన నిపుణుల బృందం 2024లో, డిమెన్షియా (మతిమరుపు ముదిరి రోజువారీ పనులే కష్టమయ్యే జబ్బు) కేసుల్లో సుమారు 45 శాతం మనం మార్చగలిగే 14 కారణాలతో ముడిపడి ఉన్నాయని లెక్కగట్టింది. బీపీ, షుగర్, పొగ, కదలకపోవడం అందులో ఉంటాయని ఎవరైనా ఊహిస్తారు. వినికిడి తగ్గడం, చూపు తగ్గినా వైద్యం చేయించుకోకపోవడం, తలకు దెబ్బలు కూడా ఉన్నాయి. చెవి సరిగా వినపడని మనిషి మెల్లగా నలుగురిలో కూర్చోవడం మానేస్తాడు, మాటలు తగ్గిపోతాయి. కళ్లజోడుకి లేని నామోషీ చెవి మిషన్‌కి ఎందుకు? పరీక్ష చేయించుకోండి. హెడ్‌ఫోన్స్‌లో శబ్దం తగ్గించండి. బండెక్కితే హెల్మెట్ పెట్టుకుని పట్టీ బిగించండి.

ఎనిమిదో మెట్టు: మనుషులు, టెన్షన్

ఆ 14 కారణాల్లో ఒంటరితనం, డిప్రెషన్ కూడా ఉన్నాయి. 1938లో మొదలై ఇప్పటికీ సాగుతున్న హార్వర్డ్ అధ్యయనంలో పదేపదే తేలింది కూడా దగ్గరి బంధాలున్నవాళ్లు ఎక్కువ కాలం, ఎక్కువ ఆరోగ్యంగా ఉంటారనే. వారంలో ఒకరోజు నడకకు ఎవరినైనా తోడు తీసుకెళ్తే మూడో మెట్టూ ఎనిమిదో మెట్టూ ఒకేసారి ఎక్కినట్టు.

టెన్షన్ ముంచుకొచ్చినప్పుడు ‘కూల్‌గా ఉండు’ అని ఎవరైనా అంటే ఇంకా చిరాకొస్తుంది. మనసుకి చెప్పడం కష్టం, ఊపిరికి చెప్పడం తేలిక. 5 సెకన్లు లోపలికి, 5 సెకన్లు బయటికి, నిమిషానికి ఆరు ఊపిర్లు, ఐదు నిమిషాలు. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగా తగ్గుతుంది, నెమ్మదిగా వదిలే కొద్దీ ఒళ్లు సడలుతుంది. రెండు వారాలు దాటినా దేని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి తారుమారవడం, బతుకు మీద విరక్తి లాంటివి ఉంటే అది ఊపిరితో తీరే సమస్య కాదు. డాక్టర్‌ని కలవండి. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే ఆగకుండా అదే రోజు ఎవరికైనా చెప్పి సాయం తీసుకోండి.

వదలకుండా సాగాలంటే

21 రోజుల్లో అలవాటు అయిపోతుందని నమ్మి 22వ రోజున నిరాశపడేవాళ్లున్నారు. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం చూసినప్పుడు సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18, కొందరికి 254 రోజులని అంచనా. మధ్యలో ఒక రోజు తప్పితే పెద్ద నష్టం జరగలేదని కూడా అందులోనే తేలింది. కొత్త పనిని ఇప్పటికే రోజూ చేస్తున్న పనికి తగిలించండి: పళ్లు తోముకోగానే ఒంటికాలి నిలకడ, భోజనమవగానే నడక. మూడు నెలలకోసారి పాత నోట్‌బుక్ తీసి అవే నాలుగు విషయాలు మళ్లీ ఒక వారం రాయండి.

ఆలస్యం చెయ్యకూడనివి

తాళాలు ఎక్కడ పెట్టారో మర్చిపోవడం వేరు, తాళం దేనికి వాడతారో తెలియకపోవడం వేరు. తెలిసిన దారిలో తప్పిపోవడం, అడిగిందే పదేపదే అడగడం, డబ్బు లెక్కలు తారుమారవడం ఇంట్లోవాళ్లు గమనిస్తే వైద్యుడికి చూపించాలి.

ఉన్నట్టుండి మూతి ఒక పక్కకు పోవడం, ఒక చెయ్యి పైకెత్తితే కిందికి జారిపోవడం, మాట తడబడడం పక్షవాతం గుర్తులు. కాసేపటికి తగ్గిపోయినా సరే, వెంటనే అంబులెన్స్ పిలిచి పెద్దాసుపత్రికి వెళ్లాలి. నోట్లో మాత్రలు, నీళ్లు ఏవీ వెయ్యకూడదు. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా మొదటి నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. ఆసుపత్రిలో మొదట అడిగే ప్రశ్న కూడా అదే, చివరిసారి మామూలుగా ఎప్పుడున్నారు అని. అందుకే ఆ టైమ్ చూసి కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి.